ఏడో బావి

“కష్టమైన నిర్ణయం” అనే మాట ఎవరి నోట విన్నా నేనిప్పుడు అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. ఆ మాట అనేటప్పుడు మనుషులు మొహం ఒక తీరుగా పెడతారు, గమనించారా? కనుబొమలు కాస్త పైకెత్తి, గొంతు కాస్త దించి, లోకంలోని బరువంతా తమ భుజాల మీదే ఉన్నట్టు. ఆ మొహం పెట్టడం నేను మా బావ దగ్గర నేర్చుకున్నాను. ఆరేళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో బావని తిట్టిన ప్రతిచోటా నాకూ వాటా ఉందనుకోండి.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరికి కుళాయి నీళ్ళిచ్చే ఆఫీసులో, లాబులో పని. పొద్దున్నే ఐసుపెట్టెలో సీసాలు సర్దుకుని బయల్దేరతాడు. ఒక్కో వీధిలో ఒక్కో కుళాయి మూతిని చిన్న మంటతో కాల్చి, కాసేపు నీళ్ళు వదిలేసి, అప్పుడు సీసా పట్టి, మూత బిగించి, చీటీ అంటిస్తాడు. లాబులో ఆ నీళ్ళని సన్నటి గాజుగొట్టాల్లో పోసి వెచ్చగా ఉంచితే మర్నాటికి రంగు మారుతుంది, లేదా మారదు. మారిందంటే ఆ నీళ్ళలో ఎక్కడో మురుగు కలిసినట్టు. రంగు మారిందా లేదా చూడాలి, మారితే మారిందని రాయాలి. అతని ఉద్యోగం మొత్తం ఇంతే.

ఇంట్లో మాత్రం ఏదీ తేల్చుకోలేడు. చెప్పుల షాపులో రెండు జతల మధ్య గంటసేపు కూర్చుని, చివరికి పాత చెప్పులతోనే వచ్చేస్తాడు. “ఈయన్ని పెళ్ళికి ఒప్పించింది నేను కాదే, సెలవు అయిపోతోందని వాళ్ళ ఆఫీసు ఒప్పించింది” అంటుంది అక్క. బావ నవ్వేస్తాడు. ఆ నవ్వు చూసి నేనూ మురిసిపోయేదాన్ని, ఎంత మెత్తటి మనిషో అని. మెత్తదనానికీ మంచితనానికీ తేడా తెలియని రోజులు అవి.

అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం మా షాపు మేడమీదికి వచ్చేసరికి దేవుడైపోయేవాడు.

మాది పుస్తకాలు బైండింగు చేసే షాపు. మేడమీద కటింగ్ మిషను పక్కన పెద్ద బల్ల ఉంటుంది. మైదా పేస్టు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలతుత్తం, రెక్సిన్ ముక్కలు, అన్నీ కలిసిన వాసన. మా ఆయన ఆదివారాలు నిద్రకి అంకితం చేశాడు కాబట్టి ఆ బల్ల మాదే. దాని చుట్టూ మేం ఆడే ఆటకి బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో మనుషులవుతారు. “నేను తలుపు విరగ్గొడతాను” అంటే పాచికలు వేస్తారు. అంకె పెద్దదైతే తలుపు విరుగుతుంది, చిన్నదైతే మన భుజం విరుగుతుంది. సిటీ బస్సు నడిపే డ్రైవరన్న ఆటలో కోట కాపలాదారు. చీమని చూసినా పక్కకి తప్పుకునే డ్రాయింగు టీచరమ్మ ఆటలో పేరుమోసిన దొంగ. నేను వైద్యురాలిని. కథ నడిపేది బావ.

తలుపులూ తాళాలూ అందరూ పెడతారు. బావ పెట్టేవి వేరే. జ్వరంతో ఉన్న పసిపిల్లని ఎత్తుకుని ఒకామె పడవెక్కుతానంటుంది, పడవలో నలభై మంది ఉన్నారు, ఎక్కించుకుంటారా? ఆకలికి దొంగిలించినవాడు మీ చేతికి చిక్కాడు, వదిలేస్తారా? ఇలాంటివి. అందుకే అతనికి సంకటం అని పేరు పెట్టాం. “సంకటం వచ్చాడా?” అంటూనే మెట్లెక్కేవాడు డ్రైవరన్న.

మొదట్లో మేమూ మామూలు మనుషుల్లాగే ఆడాం. తల్లిని ఎక్కించుకున్నాం. మూడు వారాల తర్వాత పడవలో పన్నెండు మంది మిగిలారు. దొంగని వదిలేశాం. వాడే శత్రువులకి కోట గేటు తీశాడు. మంచిపని చేసిన ప్రతిసారీ బావ పాచికలు పక్కన పెట్టి, మా కళ్ళలోకి చూసి, “మనసు మంచిదే. లెక్క తప్పింది” అనేవాడు. ఆ మాట పడకూడదని మేం తెలివిమీరాం. మూడో ఏటికి ఎవరైనా దాహమంటే కూడా నీళ్ళివ్వడం మానేశాం, ఇందులో ఏం మెలిక ఉందోనని. సూటిగా కనపడే జవాబుని డ్రైవరన్న “చిన్నపిల్లల జవాబు” అనేవాడు. చేదుగా ఉన్నదే పెద్దవాళ్ళ జవాబని మా నమ్మకం. ఆ బల్ల దగ్గర నేను ఎంతమందిని చావనిచ్చానో చెప్తే మీకు అసహ్యం వేస్తుంది. నాకు అప్పుడు గర్వంగా ఉండేది.

మా బల్లకి ఒక పద్ధతి ఉంది. సంకటం వచ్చినప్పుడు ముగ్గురం మూడు చీటీలు రాసి ఖాళీ జిగురు డబ్బాలో వేస్తాం. ఎక్కువ చీటీలు ఏది అంటే కథ అటు పోతుంది. ఆ చీటీలన్నీ బావ దాచి ఏడాదికోసారి నాకిచ్చేవాడు. నేను వాటిని కుట్టి, గట్టి అట్ట వేసి, వీపున బంగారు రంగు అక్షరాలతో “తీర్పులు” అని అచ్చొత్తేదాన్ని. అయిదు పుస్తకాలయ్యాయి. ఊళ్ళో కాలేజీ థీసిస్‌లకి కూడా అంత ముచ్చటగా బైండింగు చేసి ఉండను.

ఆ కథలన్నీ ఆదివారం సాయంత్రం మా అత్తగారికి చెప్పాలి. ఆవిడకి టీవీ కంటే ఇదే ఇష్టం. మంచం మీద కాళ్ళు చాపుకుని, చేతిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని, “ఊఁ, ఆ పడవ ఎందాకా వచ్చిందే?” అని మొదలుపెట్టేది. ఆవిడకి ఒకటే కిడ్నీ. రెండోది ఎప్పుడో తమ్ముడికి ఇచ్చేసింది, అదీ డాక్టరు అడిగిన పూటే. “ఆలోచించుకోలేదా అత్తయ్యా?” అని ఒకసారి అడిగాను. “ఆలోచిస్తే భయమేసేది కదే” అంది. ఉన్న ఆ ఒక్కదాని కోసం డాక్టరు మరీ మరీ చెప్పాడు, బాగా నీళ్ళు తాగాలని. అందుకని ఆవిడ చేతిలో ఎప్పుడూ గ్లాసు ఉండేది. నింపేదాన్ని నేను, వంటింటి కుళాయి నుంచి.

ఆ ఆదివారం బావ తొందరగా వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. టీ తాగడు, కబుర్లాడడు. మేం కూర్చోగానే ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

“కోటలో ఏడు బావులు. నీళ్ళు పరీక్షించేవాడు ఒకడున్నాడు. వాడొచ్చి మీ ముగ్గురికీ రహస్యంగా చెప్పాడు, ఏడో బావి పాడైందని. గుర్రాల సందులో వాళ్ళు తాగే బావి అది. కోట పెద్దేమో గురువారం దాకా నోరెత్తొద్దన్నాడు. గురువారం పక్క రాజ్యం రాయబారి వచ్చి సంధి మీద ముద్ర వేస్తాడు. ఈలోగా సంగతి బయటపడితే వెనక్కి పోతాడు, యుద్ధం తప్పదు. చెప్పాలా, వద్దా?”

“ఎంతమంది జబ్బుపడతారు?” అన్నాడు డ్రైవరన్న.

“తెలీదు. ఎవరూ పడకపోవచ్చు కూడా.”

“వేరే నీళ్ళు లేవా వాళ్ళకి?” అంది టీచరమ్మ.

“కాచుకుని తాగితే చాలు.”

టీచరమ్మ నావైపు చూసి కన్ను కొట్టింది. ఇది ఎర అని. ఇంత సులువుగా దారి చూపించాడంటే అందులో కాలు పెట్టకూడదని మాకు ఆరేళ్ళుగా తెలుసు. డ్రైవరన్న కుర్చీలో వెనక్కి వాలి, ఆ మొహం పెట్టాడు. “సందులో నలుగురికి కడుపునొప్పని రాజ్యం తగలబెడతామా? పెద్ద బండి తోలేవాడు ప్రతి గుంతకీ బ్రేకు వెయ్యడు.” మేం తలలూపాం. గుర్రాల సందులో ఎవరుంటారో ఎవరం అడగలేదు. వైద్యురాలిని నేను, నేనూ అడగలేదు.

మూడు చీటీలూ ఒకటే. చెప్పకూడదు, చెప్పకూడదు, చెప్పకూడదు. నాదాంట్లో కింద గీత కూడా గీసి, “బాధ్యత అంటే ఇదే” అని రాశాను. తల్చుకుంటే ఇప్పుడు ఆ వేళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

బావ చీటీలు చదివాడు. అతని మొహం సెలవు మంజూరైనవాడి మొహంలా విప్పారింది. చీటీలు డబ్బాలో కాక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండు కప్పులు టీ తాగాడు. పాచికలు ముట్టుకోలేదు. “ఫలితం వచ్చే వారం” అన్నాడు. ఎన్నడూ అలా ఆపినవాడు కాదు, ఎవరం ఎందుకని అడగలేదు.

సాయంత్రం అత్తగారికి చెప్పాను. గొంతు దించి, కనుబొమలెత్తి, రాయబారినీ సంధినీ పూసగుచ్చినట్టు వర్ణించి చెప్పాను. ఆవిడ మొత్తం విని గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేసింది.

“బావి పాడైంది, కాచుకు తాగండర్రా అని చెప్తే అయిపోయేదానికి ఇంత పంచాయితీ ఎందుకే?”

“మీకర్థం కాదులెండి అత్తయ్యా. రాజకీయం అది.”

“ఏమోలే. ఇంకో గ్లాసు పట్రా.”

పట్టుకొచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం ఎదురింటి పాప వాంతులు చేసుకుంది. సాయంత్రానికి పక్కింట్లో ఇద్దరు. బుధవారం తెల్లారేసరికి మా వీధిలో పదకొండు ఇళ్ళ తలుపుల దగ్గర బకెట్లున్నాయి. ఆ కంపు గురించి మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. వీధి వీధంతా విడిచిన బట్టలు నానబెట్టిన నీళ్ళ వాసన, ఫినాయిలు వాసన, పులిసిన వాసన. మా అత్తగారు మంచం దిగేలోపే అయిపోయేది. దుప్పటి మార్చడం, తుడవడం, మళ్ళీ మార్చడం. ఆవిడకి కంపు కంటే సిగ్గు ఎక్కువైంది. “నువ్వు అవతలికి పోవే, నేను చూసుకుంటా” అనేది, లేవలేకపోయినా. నేను చేసిందల్లా ఇంకాస్త నీళ్ళు పట్టడం. నీళ్ళు పోతున్నాయి కదా, నీళ్ళు తాగించాలి కదా. అదే కుళాయి, అదే గ్లాసు.

గురువారం కొత్త మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభమైంది. పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించారు, స్వచ్ఛమైన నీరు అని ఉపన్యాసాలిచ్చారు. అదే పూట మా ఆయన తల్లిని చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఉన్న ఒక్క కిడ్నీ దెబ్బతిందన్నారు. కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు, ఇక నుంచి నీళ్ళు కూడా కొలిచే ఇవ్వాలన్నారు.

శుక్రవారం బట్టలకోసం ఇంటికొచ్చాను. వీధిలో నీళ్ళ ఆఫీసు బండి మైకులో అరుస్తూ పోతోంది. “ఏడో లైను వారికి విజ్ఞప్తి. కుళాయి నీళ్ళు కాచి, చల్లార్చి తాగండి.”

చేతిలో దుప్పటి జారిపోయింది. ఏడో లైను. కాచుకుని తాగితే చాలు. గురువారం దాకా. ఆసుపత్రిలో ఎత్తిపోసిన బేసిన్లన్నీ చూసి కూడా రాని వాంతి అప్పుడొచ్చింది.

ఆదివారం బావ వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. మా ఆయన్ని తల్లి దగ్గర కూర్చోబెట్టి నేనూ మేడమీదికి వెళ్ళాను, అతని మొహం ఎలా ఉందో చూడాలని. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. జాలి పడదామనుకునేలోపే నోరు తెరిచాడు.

“పోయిన వారం ఫలితం. గుర్రాల సందులో జబ్బులొచ్చాయి. బావి తోడేవాడి నిర్లక్ష్యమని వాణ్ణి చీకటికొట్లో వేశారు. ఇప్పుడు నీళ్ళు పరీక్షించినవాడు నిజం ఒప్పుకుంటే కొలువు పోతుంది, ఇంటిల్లిపాదీ వీధిన పడతారు. ఒప్పుకోకపోతే బావి తోడేవాడు లోపలే ఉంటాడు. చెప్పాలా, వద్దా?”

చీటీలు కూడా తనే కత్తిరించి తెచ్చాడు. బల్లమీద పరిచాడు.

“బావి తోడేవాడికి పెళ్ళాం బిడ్డలున్నారా?” అన్నాడు డ్రైవరన్న, పెన్సిలు తీసుకుంటూ. అతని తప్పేం లేదు, మాకు వచ్చిన విద్యే అది. టీచరమ్మ మాత్రం పెన్సిలు ముట్టుకోలేదు. వాళ్ళ స్కూల్లో సగం మంది పిల్లలు మా వీధివాళ్ళే. ఆవిడ బావని చూసి, నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందురోజే పేపర్లో పడింది, వాల్వులు తిప్పే లైన్‌మన్‌ని సస్పెండ్ చేశారని.

“బావా, రంగు ఎప్పుడు మారింది?” అన్నాను.

“ఏ రంగు?”

“గొట్టంలో రంగు.”

బల్ల అంచు గోకాడు. “శనివారం పొద్దున” అన్నాడు చివరికి. “పెద్దాయన గురువారం దాకా ఆగమన్నాడు. నా పరిస్థితి మీకు తెలీదు...”

“శనివారమే తెలిసి ఆదివారం వచ్చి మాతో ఆడావా?”

“మీ వీధి నాలుగో లైను అనుకున్నానే! ఒట్టు! పోయినేడు లైన్లు మార్చిన సంగతి గుర్తులేదు. అయినా ఆవిడ శుక్రవారమే ఆ నీళ్ళు తాగి ఉండొచ్చు. మనకేం తెలుసు?”

“అంటే ఇంకొకళ్ళ వీధైతే తాగి చావొచ్చా?” అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. నేను గీత గీసి మరీ రాసింది ఇంకొకళ్ళ సందు గురించే కదా.

అప్పుడతను చొక్కా జేబులోంచి మూడు చీటీలు తీశాడు. చెమటకి మెత్తబడిపోయి ఉన్నాయి. “నేనొక్కణ్ణే తీసుకున్న నిర్ణయం కాదమ్మా ఇది. ముగ్గురూ ఒకటే రాశారు. ఇదిగో, నీది కూడా.”

మనిషిని చూస్తే ఇంత రోత పుడుతుందని నాకు తెలియదు. అతను చేసిన పనికంటే ఆ చీటీలు చాపిన చెయ్యి చూసి పుట్టింది. ఆ కోటా, ఆ రాయబారీ, ఆ యుద్ధం, అన్నీ ఎందుకు కట్టాడో అప్పుడర్థమైంది. గొట్టంలో రంగు మారింది. మారిందని రాయాలి. అందులో సంకటం ఎక్కడుంది? భయం ఉంది, అంతే. భయమేసిందని చెప్తే పిరికివాడంటారు. అదే సంకటమంటే మేధావి అంటారు. దానికి మా ముగ్గురి సంతకాలు కావలసి వచ్చాయి, మేం సంతోషంగా పెట్టాం.

ఆ చీటీలు లాక్కుని, కొత్త చీటీలు చించి జిగురు డబ్బాలో పడేశాను. బైండింగు కోసం ఉంచిన తెల్లకాగితం ఒకటి అతని ముందు పెట్టాను.

“రాయి.”

“ఏం రాయాలి?”

“జరిగింది.”

రాశాడు. “ఆనాటి క్లిష్ట పరిస్థితుల దృష్ట్యా, విస్తృత ప్రజాప్రయోజనాన్ని...” చింపేశాను. రెండోదాంట్లో “ఎంతో మనోవేదనతో” అని మొదలుపెట్టాడు. అదీ చింపాను. ఈలోగా అక్కకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. “సంతకం పెట్టేదాకా కుర్చీలోంచి లేవనివ్వకు” అంది అక్క. కొలువు పోతే వీధిన పడేది తను. అయినా ఒక్క నిమిషం పట్టలేదు.

ఏడో కాగితం మీద మూడు వాక్యాలు మిగిలాయి. ఏడో లైను నీళ్ళు పాడయ్యాయని నాకు శనివారం తెలుసు. ఆపమంటే ఆపాను. లైన్‌మన్ తప్పేమీ లేదు. కింద సంతకం. టీచరమ్మా డ్రైవరన్నా ఆఫీసులో ఒకటి, పేపరుకి ఒకటి ఇచ్చేలా దానికి కాపీలు తీయించడానికి వెళ్ళారు. డ్రైవరన్న మెట్ల దగ్గర ఆగి, నావైపు చూడకుండా, “నేను కూడా రాయాలేమో కదా” అన్నాడు. రాయమన్నాను.

బావని చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చూసే టైము నాలుగు నుంచి ఆరు. అత్తగారు కిటికీ పక్క మంచం మీద ఉంది, ముక్కు కొసదేరింది, కళ్ళు మాత్రం ఆవిడవే. మమ్మల్ని చూడగానే లేచి కూర్చోబోయింది.

“సంకటం బాబు కూడా వచ్చాడా? రా, కూర్చో. ఇవాళ ఆదివారం కదూ! ఆడొచ్చారా? ఇంతకీ ఆ బావి సంగతి ఏమైందే? సందులో వాళ్ళకి చెప్పారా, లేదా?”

బావ గొంతు సవరించుకున్నాడు. కనుబొమలు పైకి లేచాయి. “అదీ పిన్నిగారూ, అక్కడ పరిస్థితి ఏంటంటే...”

“చెప్పలేదత్తయ్యా” అన్నాను. “ఆ బావి మన కుళాయే. పాడైందని బావకి ముందే తెలుసు. చెప్పొద్దని చీటీ రాసినదాన్ని నేను. ఆ రోజు మీకు నీళ్ళు పట్టిచ్చిందీ నేనే.”

ఆవిడ మమ్మల్ని తిడుతుందేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండునని నిలబడ్డాను. బావ ఏడ్చేశాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసి, తల అటు తిప్పుకుంది.

ఆ మాటకి నెలన్నర దాటింది. లైన్‌మన్ మళ్ళీ వాల్వులు తిప్పుతున్నాడు. బావ ఇంట్లో కూర్చున్నాడు, అక్క ఒక బట్టల షాపులో చేరింది. ఆరో “తీర్పులు” పుస్తకం నేను బైండింగు చేశాను, ఆ రోజు లాక్కున్న మూడే చీటీలతో. కుట్టడానికి కూడా చాలలేదు, అట్టకి అంటించాను. అత్తగారు ఇంటికొచ్చింది. నాతో మాట్లాడుతుంది, కూర బాగుందంటుంది, నా చీర బాగుందంటుంది. కథ మాత్రం అడగదు. పూటకి కొలిచి ఇచ్చే ఆ చిన్న గ్లాసుడు నీళ్ళు నా చేతుల్లోంచి తీసుకుని, పెదాల దాకా తెచ్చి ఆపి, రోజూ నన్ను ఒకే మాట అడుగుతుంది.

“కాచినవేనా?”